ట్యాంకు లోపలి చప్పుడు

ఘసాన్ కనఫానీ రాసిన ‘ఎండలో మనుషులు’ 1960ల మొదట్లో అరబ్బీలో వచ్చిన చిన్న నవల. ముగ్గురు పాలస్తీనా మగవాళ్ళు కువైటులో పని దొరుకుతుందని బయల్దేరతారు. చేతిలో కాగితాల్లేవు. బస్రాలో ఒక డ్రైవరు ఖాళీ నీళ్ళ ట్యాంకరులో దాచి సరిహద్దు దాటిస్తానంటాడు. చెక్‌పోస్టులో ఆఫీసర్లు డ్రైవరును కూర్చోబెట్టి ఎవరో నాట్యకత్తె సంగతెత్తి సరసాలాడుతుంటారు. బయట ఎండకు కాలుతున్న ట్యాంకులో ముగ్గురూ చచ్చిపోతారు. డ్రైవరు శవాలను చెత్తకుప్ప దగ్గర పారేసి, జేబుల్లో డబ్బులు, కుర్రవాడి చేతి గడియారం తీసుకుని, మీరు ట్యాంకును ఎందుకు తట్టలేదని శవాలనే నిలదీస్తాడు.

ఈ చివరి ప్రశ్న చాలా పేరు పొందింది. దేశం పోగొట్టుకున్న జనం మౌనంగా ఉండిపోయారు, తిరగబడాల్సింది, అని కనఫానీ చెబుతున్నాడని విమర్శకులు వివరించారు. 1936లో అక్రాలో పుట్టి, 1972లో బీరూట్‌లో కారు బాంబుకు బలైన రచయిత ఆ మాట అనదగ్గవాడే. మాకు కాదనడానికి లేదు. కానీ నెల్లూరు తీరం దళితవాడల్లో, కువైటుకు పోయొచ్చిన ఆడవాళ్ళను ఎదురుగా పెట్టుకుని ఈ కథ చదివితే ఆ ప్రశ్న అంత తేలిగ్గా మింగుడు పడదు. ఈ ప్రశ్న మాకు ముందే తెలుసు. ఎందుకు కేసు పెట్టలేదు, ఎందుకు అరవలేదు, ముందే ఎందుకు చెప్పలేదు అని స్టేషన్లలో, కోర్టుల్లో, పేపర్లలో దళితుల్ని అడిగే ప్రశ్నే ఇది. అడిగేవాడు ఎప్పుడూ ట్యాంకు బయటే ఉంటాడు.

ఇంకో సంగతి. ఈ కథను 1972లో తౌఫీక్ సాలెహ్ ‘మోసపోయినవాళ్ళు’ అని సినిమా తీశాడు. అందులో ముగ్గురూ తడతారు. ఆఫీసులో ఏసీ మిషన్ల హోరులో ఆ చప్పుడు ఎవరికీ వినపడదు. దర్శకుడు మూలాన్ని పాడుచేశాడని కొందరు అనుకోవచ్చు. మేమైతే దిద్దాడనే అంటాం. కూలివాళ్ళు తడతారు. ఎప్పుడూ తడుతూనే ఉన్నారు. వినాల్సిన గదిలో ఏసీ నడుస్తుంటుంది.

కువైటు మాటెత్తితే మా తీరంలో ముందు భూమి మాట ఎత్తాలి. పాత నెల్లూరు జిల్లాలో 1970ల్లో దళితులకు, పేద వెనకబడిన కులాల వాళ్ళకు ఉమ్మడి సేద్యపు సంఘాల కింద భూములిచ్చారు. సీజేఎఫ్ఎస్ భూములంటే ఇక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు. కాగితం మీద దళితులవి. 1980ల చివర్లో తీరానికి రొయ్య వచ్చాక వాటిలో చాలా భాగం పైకులాల వాళ్ళ చేతుల్లో రొయ్యల గుంటలయ్యాయి. పక్క చేలకు ఉప్పు దిగింది. నాట్లు, కలుపు, కోత అన్నీ ఆడవాళ్ళ పనులు. గుంట దగ్గర కాపలాకు ఒకడు చాలు, వాడు కూడా మగవాడే. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరపు రొయ్యల చెరువుల మీద గట్టి తీర్పే ఇచ్చింది. 2005లో పార్లమెంటు చేసిన చట్టంతో వాటికి మళ్ళీ దారి దొరికింది. పని పోయిన ఆడవాళ్ళ ఊసు ఆ చట్టంలో వెతుక్కోవాల్సిందే.

ఖద్దామా వీసా మీద అరబ్బు ఇళ్ళలో పనికి పోయినవాళ్ళలో ఈ ఆడవాళ్ళున్నారు. వీసాకు అప్పు, అప్పుకు వడ్డీ. దిగీ దిగంగానే పాసుపోర్టు కఫీలు చేతికి పోతుంది. ఇల్లు మారితే ‘పారిపోయింది’ అని కేసు. యుద్ధం లేనప్పుడు కూడా ఇదే వాళ్ళ బతుకు.

కనఫానీ కథలో మాకు బాగా దగ్గరైన చోటు చావు ఘట్టం కాదు, ఒక ఇంటి కప్పు. కుర్రవాడు మర్వాన్ తండ్రి, కాంక్రీటు కప్పున్న ఇల్లు దొరుకుతుందని కట్టుకున్నదాన్ని వదిలేసి, ఒక కాలు లేని ఆడమనిషిని చేసుకుంటాడు. శరణార్థుల గుడిసెలో ఏళ్ళు గడిపినవాడికి కప్పు ఒక పిచ్చి. నీతి చెప్పే పాఠకులు ఇక్కడ తండ్రిని తిడతారు. మా వాడల్లో ఈ ముక్క విన్నవాళ్ళు ఎవరూ తిట్టరు. కువైటు డబ్బుతో వేసిన మిద్దె కోసం ఎన్ని కాపురాలు విడిపోయాయో, తల్లి మొహం ఎరగని బిడ్డలు ఎందరు అమ్మమ్మల దగ్గర పెరిగారో వాళ్ళకు తెలుసు. తుఫాను వచ్చిన ప్రతిసారీ స్కూలు బిల్డింగుకు పరిగెత్తే జనానికి కప్పంటే ఏందో వేరే చెప్పక్కరలేదు.

అయితే కనఫానీ ప్రయాణం కట్టించింది మగవాళ్ళకే. ఆడవాళ్ళు ఇంటి దగ్గర ఎదురుచూస్తుంటారు, లేదంటే విడిచిపెట్టబడతారు. పనికి పొయ్యేది ఆడదైనప్పుడు, ట్యాంకు అనేది ఒక ఇంటి వంటగదైనప్పుడు, ఈ కథ చాలదు. ఇది రచయిత మీద నేరం మోపడం కాదు, మా వాళ్ళు రాయాల్సింది మిగిలి ఉందని చెప్పడం.

డ్రైవరును చేతగాని అరబ్బు నాయకత్వానికి గుర్తుగా చెప్పడం మామూలు. నిజమే కావచ్చు. మరి బండి? ఈ కథ చెప్పినప్పుడు ఒకామె అడిగిన మొదటి మాట, ‘ఆ బండి ఎవురిది సార్?’ అని. బండి హాజీ రజా అనే డబ్బున్న పెద్దమనిషిది. ఆయన పేరు చెబితే చెక్‌పోస్టులో సోదా ఉండదు. అందుకే డ్రైవరు అంత ధైర్యం చేశాడు. కథంతా అయిపోయినా హాజీ రజా మన ముందుకు రాడు. మా దగ్గరా అంతే. ఊళ్ళో సబ్‌ఏజెంటు ఒక్కోసారి మన చుట్టమే, మన కులమే. దొరికేది వాడు, తన్నులు తినేది వాడు. వాడి వెనక ఏజెంటు, ఆ వెనక వీసాలమ్ముకునే కఫీలు. విమర్శకులు డ్రైవరు దగ్గరే ఆగిపోతే మేము ఒప్పుకోలేం.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైటును ఆక్రమించింది. అప్పుడు అక్కడ మన దేశం వాళ్ళు లక్షన్నరకు పైగా ఉన్నారు. బస్రా, బాగ్దాద్ మీదుగా అమ్మాన్ చేరినవాళ్ళను ఎయిర్ ఇండియా 488 విమానాల్లో తెచ్చింది. పెద్ద పనే, కాదనం. ఈ కథను 2016లో ‘ఎయిర్‌లిఫ్ట్’ అనే హిందీ సినిమాగా తీశారు. అందులో కథానాయకుడు ఒక కోటీశ్వర వ్యాపారి. కూలివాళ్ళు క్యూలో, శిబిరంలో, గుంపుగా కనపడతారు. చివర్లో జెండా ఎగురుతుంది, హాల్లో చప్పట్లు. రక్షణ కథ ఎప్పుడూ యుద్ధంతో మొదలై విమానం దిగడంతో ముగుస్తుంది. ఖద్దామా కథ అప్పుతో మొదలవుతుంది. విమానం దిగినా అప్పు అట్లాగే ఉంటుంది. రాని జీతం, కఫీలు ఇంట్లో ఉండిపోయిన పాసుపోర్టు, సగంలో ఆగిన గోడలు సినిమాకు పనికిరావు.

ఐక్యరాజ్యసమితి పరిహార కమిషన్, కువైటు విడిచి పోవాల్సి వచ్చినవాళ్ళకు ఒక్కొక్కరికి 2,500 డాలర్ల నుంచి, కుటుంబానికి 5,000 నుంచి స్థిర మొత్తాలు నిర్ణయించింది. కూలివాళ్ళను ముందు వరసలో పెట్టిన మంచి ఏర్పాటు అది. అయినా అక్కడ ఉన్నట్టు, వెళ్ళిపోయినట్టు కాగితం చూపాలి, దరఖాస్తు సర్కారు ద్వారా పోవాలి. పాలస్తీనా వాళ్ళలో చాలామందికి దరఖాస్తు పెట్టే సర్కారే లేక, తర్వాత విడిగా గడువు ఇవ్వాల్సి వచ్చింది. కనఫానీ భాషలో చెప్పాలంటే, తట్టడానికి కూడా ఒక దేశం కావాలి.

ఇక్కడే మన కథ, వాళ్ళ కథ అడ్డంగా కలుస్తాయి. కనఫానీ తానే 1950ల్లో కువైటులో పంతులుగా పనిచేశాడు. 1990 నాటికి అక్కడ పాలస్తీనా జనం నాలుగు లక్షలకు దగ్గర. వాళ్ళ నాయకత్వం సద్దాం పక్షాన ఉందన్న కోపంతో 1991 తర్వాత వాళ్ళను వెళ్ళగొట్టారు, వెళ్ళినవాళ్ళను తిరిగి రానివ్వలేదు. కొన్ని పదుల వేలే మిగిలారు. ఆ తర్వాతి ఏళ్ళలో కువైటులో మన దేశం వాళ్ళ సంఖ్య పెరుగుతూ పోయింది. వాళ్ళవి ఎక్కువగా చదువుకున్న ఉద్యోగాలు, మనవి ఇంటిపనులు, కాబట్టి ఒకరి కుర్చీలో ఇంకొకరు కూర్చున్నారని లెక్క కట్టలేం. కానీ ఒక జనాన్ని నమ్మకూడదనుకున్న చోట ఇంకో జనం, నోరెత్తదన్న నమ్మకంతో, పనికొచ్చింది.

ఈ పద్ధతికి ఇజ్రాయెల్‌లో పాత చరిత్ర ఉంది. 1967 ఆక్రమణ తర్వాత వెస్ట్‌బ్యాంక్, గాజా మనుషులు తెల్లారకముందే లేచి చెక్‌పోస్టుల్లో నిలబడి ఇజ్రాయెల్ కట్టడాల మీద పనికి పోయారు. 1987 డిసెంబరులో ఇంతిఫాదా అంటుకుంది కూడా గాజా కూలివాళ్ళ బళ్ళను ఒక ఇజ్రాయెల్ లారీ గుద్ది నలుగురు చనిపోయాకే. 1993లో దారులు మూసి థాయ్‌లాండ్, రుమేనియా నుంచి మనుషుల్ని తెచ్చారు. 2023 అక్టోబరు తర్వాత లక్షన్నర మంది పర్మిట్లు ఒక్కసారిగా ఆగిపోయాయి. ఇజ్రాయెల్‌లో పనిచేస్తున్న గాజావాళ్ళను వేల సంఖ్యలో నిర్బంధించి, నవంబరులో బాంబులు పడుతున్న గాజాకే తోలారు. అదే కాలంలో మన ప్రభుత్వం, 2023 మేలో 42,000 మందికి కుదిరిన ఒప్పందాన్ని ముందుకు నడిపింది. హర్యానా, ఉత్తరప్రదేశ్ తర్వాత 2024 మేలో హైదరాబాద్ మల్లేపల్లి ఐటీఐలో కూడా తాపీ, సెంట్రింగ్ పనివాళ్ళను ఎంపిక చేశారు. నెలకు లక్షా ముప్పై వేల పైమాటే.

ఆ క్యూలో నిలబడ్డ కుర్రవాణ్ణి తిట్టే హక్కు మాకు లేదు. కువైటు మిద్దెల కింద పెరిగినవాళ్ళం. 2023 నవంబరులో ఈ ఒప్పందం వద్దని కార్మిక సంఘాలు అన్నాయి. దళిత సంఘాలు ఏమంటాయో చెప్పాలి. ‘మా పిల్లలకు ఉద్యోగాలొస్తే మీకేం’ అనే వాదన మా మిత్రుల్లోనే ఉంది. వెలివేసిన ఊళ్ళో, మన పొలం పనికి పక్క ఊరి కూలీలను లారీల్లో దించితే మనం వాళ్ళను ఏమన్నాం? ఆ లారీ ఎవురిదని కూడా అడిగాం గదా.

1990లో కువైటు నుంచి తిరిగొచ్చిన ఆడవాళ్ళు ఇప్పుడు అరవై, డెబ్బై ఏళ్ళవాళ్ళు. కొందరు పోయారు. ఎవరి జీతం ఎంత ఆగిపోయింది, ఎవరికి పరిహారం అందింది, అమ్మాన్ దాకా ఎట్లా నడిచారు, దారిలో పక్కన ఉన్న పాలస్తీనా కుటుంబాలు ఏమయ్యాయి అనేది వాళ్ళ నోటి మాటల్లోనే ఉంది. టీచర్లు, విద్యార్థులు తీరం మండలాల్లో కూర్చుని రాసుకోవాలి. వాళ్ళ యాసలోనే రాసి పంపండి. మేము దిద్దకుండా వేస్తాం.