డోలీ మోసిన భుజం

శామీర్‌పేట నుంచి రాజీవ్ రహదారి మీద అల్వాల్, తిరుమలగిరి దాటితే సికింద్రాబాద్ వస్తుంది. మేడ్చల్, శామీర్‌పేట హాస్టళ్లలో చదువుకునే మన పిల్లలను వెంటబెట్టుకుని అక్కడి ఉజ్జయిని మహంకాళి గుడికి వెళ్లాం. జనరల్ బజార్ దుకాణాల నడుమ, కాలు పెట్ట సందు లేని రద్దీలో ఉంటుందా గుడి. తిరిగొచ్చాక చూసింది రాయమన్నాం. అందరూ ఒకటే రాశారు: అమ్మవారు మహిమ గలది, గుడి చాలా పాతది. గుడి నిలిపిన మనిషి గురించి ఒక్కరూ రాయలేదు. తప్పు పిల్లలది కాదు, ఆ కథ మనం చెప్పే తీరుది.

1813లో జంటనగరాల్లో కలరా సోకి జనం రాలిపోయారు. సైన్యంలో డోలీ మోసే సురిటి అప్పయ్య అప్పుడు ఉజ్జయినిలో ఉన్నాడు. కలరా తగ్గితే మా ఊళ్లో నిన్ను నిలుపుకుంటామని అక్కడి మహంకాళికి మొక్కాడు. తిరిగొచ్చి 1815లో కట్టె విగ్రహం పెట్టాడని చెబుతారు.

ఏటా లష్కర్ బోనాలప్పుడు పత్రికల్లో, టీవీల్లో ఈ కథ వస్తుంది. అప్పయ్య పేరు ఒక వాక్యంలో వచ్చి పోతుంది. మిగతాదంతా మహిమ, పట్టువస్త్రాలు, పెద్దవాళ్ల దర్శనాలు. డోలీ మోసే బతుకు ఎలాంటిదని ఎవరూ అడగరు. మనుషుల బరువు భుజాన మోసినవాడికి ఊరి కష్టం ఎంత బరువో తెలుసు. ఆ మొక్కు అక్కడి నుంచే పుట్టిందని మేమనుకుంటాం.

తరగతిలో ఈ మాట చెప్పగానే వెనక కూర్చున్న పిల్లవాడు లేచాడు. "సార్, నేను పుట్టేటప్పుడు మా అమ్మను మా మామలు అట్లనే మోసిన్రట" అన్నాడు. రోడ్డు లేని గూడేల్లో ఇవాళ్టికీ డోలీయే దిక్కు. నగరం మరిచిన మాట మన ఇళ్లలో బతికే ఉంది.

గుడిని తక్కువ చేయడానికి ఇది రాయడం లేదు. బోనమెత్తే కుండ, వేపమండ, రంగంలో పచ్చికుండ మీద నిలబడి భవిష్యవాణి పలికే స్త్రీ, ఇవేవీ మనకు పరాయివి కావు. మా అభ్యంతరం పేర్లు పెట్టే తీరు మీదే. అది 'చారిత్రక ఆలయం' అయితే, మన మేడారం 'గిరిజనుల నమ్మకం' ఎట్లవుతుంది? సమ్మక్క చిలకలగుట్ట నుంచి కుంకుమభరిణెగా గద్దెకు వస్తుంది. కోయ వడ్డెలే తీసుకొస్తారు. విగ్రహం లేకపోతే చరిత్ర లేనట్టేనా? ఈ విషయంలో మన తప్పూ ఉంది. కిరీటం, నగలు పెట్టి గీసిన సమ్మక్క క్యాలెండర్ బొమ్మను మనమే గోడకు తగిలిస్తున్నాం. మన దేవతను పిల్లలకు ఆ బొమ్మతోనే పరిచయం చేస్తున్నాం.

తోటి ఉపాధ్యాయులారా, పిల్లలను ఏ గుడికైనా తీసుకెళ్లండి. దేవత ఎవరని అడిగాక, మోసిందెవరని కూడా అడగండి. ఆ పిల్లవాడు రెండోసారి రాసిన వ్యాసం వాళ్లమ్మతో మొదలై అప్పయ్య దగ్గర ఆగింది. దానికి మార్కులు వేయలేదు, తరగతి ముందు చదివించాం.