పలనాటి రాయిలో కొండంత స్తూపం

నాగార్జునకొండ మ్యూజియంలో స్తూపం బొమ్మ చెక్కిన ఫలకాలున్నాయి. అలాంటి ఫలకాన్ని అడుగు నుంచి చూసుకుంటూ పోవాలి. కింద తామరపూల కంచె, నడుమ వాకిలి, అటూ ఇటూ సింహాలు. వాకిలి మీద వరసగా ఐదు ఆయక స్తంభాలు. బుద్ధుడి పుట్టుక, ఇల్లు విడిచిన రాత్రి, జ్ఞానోదయం, తొలి బోధ, నిర్యాణం అనే ఐదు ఘట్టాలకు అవి గుర్తులు. వాటి వెనక గుండ్రటి అండం, దాని నెత్తిన గొడుగులు. ఇరుపక్కలా దండలు పట్టుకుని ఎగిరొస్తున్న దేవతలు.

ఇంత కట్టడమూ ఇమిడింది కొద్ది అంగుళాల లోతులోనే. శిల్పి స్తంభాలను ముందుకు తెచ్చి, అండాన్ని వెనక్కి నెట్టాడు. స్తంభం చాటున అండం కనబడదు. అయినా అది అక్కడ గుండ్రంగా తిరిగి ఉందని కన్ను నమ్మేస్తుంది. రాయి చూస్తే పలనాటి సున్నపురాయి, మాచర్ల ఇళ్లలో పరుచుకునే నాపరాయి జాతిదే. పొరలుగా లేచే ఈ రాయి మీద ఉలి దెబ్బ కాస్త ఎక్కువైతే పెచ్చు ఊడివస్తుంది. అలాంటి రాతి మీద దండలో పువ్వును పువ్వుగా తీర్చాడంటే ఆ చేతికి దండం పెట్టాలి.

క్రీ.శ. 3వ శతాబ్దంలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఈ లోయలోనే ఉండేది. వీరపురుషదత్తుడి 6వ పాలనా సంవత్సరంలో ఆయన మేనత్త చాంతిసిరి ఇక్కడ మహాచైత్యాన్ని నిలబెట్టింది. వ్యాసం 106 అడుగులు. లోపలి ఇటుక గోడలు బండిచక్రం ఆకుల్లా ఉంటాయి. అండం ఎన్నడో కూలిపోయింది. ఇలాంటి స్తూపాలు నిండుగా ఎలా ఉండేవో చెప్పేది ఈ ఫలకాలే.

ఆ రోజుల్లోనే బోధిసిరి అనే ఉపాసిక చుళధమ్మగిరి మీద సింహళ భిక్షువుల కోసం చైత్యగృహం కట్టించింది. వారు ధర్మాన్ని చేరవేసిన దేశాల వరసలో, ఆమె శాసనంలో చీనా పేరూ ఉంది.

ఆ చీనాలో 10వ శతాబ్దపు లీ చెంగ్ గీశాడని చెప్పే ఒక పట్టు చిత్రం ఇప్పుడు అమెరికాలోని నెల్సన్-అట్కిన్స్ మ్యూజియంలో ఉంది. అడుగున వంతెన, బాటసారులు, నడిమి గుట్ట మీద ఆరామం, వెనక ఆకాశమంత కొండ. మంచు కోసం పట్టును ఖాళీగా వదిలి, దూరాన్ని ఆ ఖాళీతోనే చూపించాడు. మన శిల్పి చోటంతా నింపి, దూరాన్ని లోతుతో చూపించాడు. పద్ధతులు వేరైనా, చూసేవాడిని అడుగు నుంచి శిఖరానికి నడిపించాలన్న తపన ఒక్కటే.

అలాంటి చిత్రాలను చీనా వాళ్లు షాన్-షుయి అంటారు, అంటే కొండ-నీరు. మన విజయపురి కథా ఇప్పుడు కొండా నీరే. ఇక్కడ 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో తవ్వకాలు జరిగాక నాగార్జునసాగర్ నీళ్లు లోయను కప్పేశాయి, శిల్పాలు కొండెక్కాయి. ఇవాళ విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కితే ముందు నీళ్లు, ఆపైన కొండ, కొండ మీద ఆ ఫలకాలు. ఒడ్డున దిగి పైకి ఎక్కి ఫలకం ముందు నిలబడ్డాక, మళ్లీ అడుగున ఉన్న వాకిలి దగ్గర నుంచి ఎక్కాలి.