పెరటి పాదుకు దండం

ఆత్రేయపురం పేరు చెప్పగానే లోకానికి పూతరేకు గుర్తొస్తుంది. రావాలి కూడా. జయ బియ్యం పిండిని నీళ్ళలా కలిపి, బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకు మంట పెట్టి, పిండిలో ముంచిన గుడ్డను ఆ కుండ మీద ఒక్క లాగు లాగి, వెలుగు అవతలికి కనిపించేంత పలచని రేకు తీస్తారు ఇక్కడి ఆడవాళ్ళు. ఆ చేతులకు ఎంత పేరొచ్చినా తక్కువే. 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కానీ పూతరేకు ప్రయాణాలు చేసేది. పెట్టెలో సర్దుకుని హైదరాబాదు బస్సెక్కుతుంది, అక్కడి నుంచి విమానమెక్కుతుంది. ఊరు దాటి ఎక్కడికీ వెళ్ళనిది, పొద్దున కోస్తే మధ్యాహ్నానికి విస్తట్లో ఉండేది, ఏ పెట్టెలోనూ ఇమడనిది ఇంకొకటి ఉంది. పెరటి కూర. ఈ దండం దానికి.

ముందు నీళ్ళకు మొక్కాలి. 1847లో మొదలుపెట్టి 1852కి కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాడు. అప్పటి నుంచి గోదారి మా దగ్గరికి రెండు తీరుల్లో వస్తోంది. ఒకటి కాలువగా. బొబ్బర్లంక దగ్గర మధ్య డెల్టాలోకి దిగి, లొల్ల లాకుల దగ్గర పాయలుగా విడిపోయి, చేలగట్లు ఒరుసుకుంటూ, చెప్పిన వేళకి వస్తుంది. రెండోది వరదగా. అది పిలవకుండా వస్తుంది. 1986 ఆగస్టు వరదను చూసినవాళ్ళు నీళ్ళు ఎంత ఎత్తుకు వచ్చాయో ఈనాటికీ గోడకు చెయ్యి ఆనించి చూపిస్తారు. అరటి తోటలు పడిపోయాయి, పందిళ్ళు కొట్టుకుపోయాయి. నీళ్ళు తీశాక లంకల మీద ఒండ్రు మిగిలింది. తీసుకుపోయినదాన్ని గోదారి ఆ మట్టి రూపంలో కొంత తిరిగి ఇచ్చింది. అందులో కంద ఊరింది, వంగ నారు నిలబడింది, పాదులు మళ్ళీ పాకాయి. మా కూరలో ఉన్న తీపి ఏదో వంటమనిషి చేతిదని మెచ్చుకుంటారు చుట్టాలు. సగం ఆ మట్టిది.

పెరట్లో పూత రెండు పూటలా ఉంటుంది. తెల్లవారుజామున గుమ్మడిపూలు పెద్దపెద్దవి పచ్చగా విచ్చుకుని, ఎండ ముదిరేలోగా ముడుచుకుంటాయి. పొద్దు వాలాక బీరపూల వంతు. వాటి వెనకే ఆనపపూలు తెల్లగా లేస్తాయి. చీకటి పడ్డాక పొట్లపూలు అంచులకు దారపు పోగులు వేలాడదీసుకుని తెరుచుకుంటాయి, వాటి కోసం రాత్రి రెక్కల పురుగులు వస్తాయి. ఇవన్నీ చూడాలంటే పాదు దగ్గర నిలబడే తీరిక ఉండాలి. ఆ తీరిక ఇంట్లో ఎవరికి ఉన్నా లేకపోయినా పెద్దావిడకు ఉంటుంది. పొట్ల పిందె వంకర తిరగకుండా చివర చిన్న రాయి కట్టేది ఆవిడే. బీరాకుల మీద పొయ్యి బూడిద చల్లేది ఆవిడే. బియ్యం కడిగిన నీళ్ళు తూములో పోయనివ్వదు, అవి పాదువి. పిందెను వేలు పెట్టి చూపిస్తే కుళ్ళిపోతుందంటుంది, చూపాలంటే వేలు మడిచి చూపించమంటుంది. పిందెను కుళ్ళబెట్టేది కాయలో గుడ్డు పెట్టే ఈగ. అయినా ఆవిడ మాట వినడమే మంచిది, పిల్లల వేళ్ళు పిందెలకు దూరంగా ఉంటాయి.

ఆనపకాయా, నీకు మొదటి దండం. గోరు గుచ్చితే దిగాలి, నీరు చిమ్మాలి, అదే నీ లేతదనానికి పరీక్ష. తరిగిన ముక్కలు నీలో ఉన్న నీటితోనే మగ్గుతాయి. రెండు పచ్చిమిరపకాయలు చీల్చి వేసి, దించబోయే ముందు కాసిని పాలు పోసి, చిటికెడు బియ్యప్పిండి చల్లి, మినప్పప్పు ఆవాల పోపు పెడితే చాలు. ఆ కూరను ఉల్లిపాయ ముట్టుకోకూడదన్నది నా గట్టి అభిప్రాయం. నువ్వు కాస్త ముదిరితే పులుసులోకి వెళ్తావు, తెలకపిండితో పొడికూరవుతావు. ఇంకా ముదిరితే విత్తనం. నీ ఎండిన బుర్రలు నడుముకు కట్టుకుని కాలువలో ఈత నేర్చుకున్న పిల్లలు ఈ డెల్టాలో ఎందరో తాతలయ్యారు.

తొలకరి పడి కాలువలకు నీళ్ళు వదిలేసరికి ఆషాఢం వస్తుంది. ఆషాఢంలో మునగాకు తినాలని ఇంటింటా చెబుతారు. గానుగలో నువ్వుల నూనె తీశాక మిగిలిన తెలకపిండితో ఆ ఆకును కలిపి వండుతారు. పొడిపొడిగా, కాస్త కమ్మగా, కాస్త వగరుగా ఉంటుంది. నూనె ఒకరికి, పిండి మరొకరికి, ఆకు చెట్టెక్కి కోసుకున్నవాళ్ళకు. డబ్బు పెద్దగా ఖర్చు కాని ఇంత బలమైన వంట నాకు ఇంకొకటి తెలియదు. పప్పులోకి వాక్కాయలు దొరికేదీ ఈ వానల్లోనే. కంచె మీద తీగ బచ్చలి ఎర్రటి కాడలతో ఎగబాకేదీ అప్పుడే.

ఆ బచ్చలికి జోడు కంద. కందకు లేని దురద కత్తిపీటకెందుకని సామెత. కందకు దురద ఉంది, కోసే చేతికి బాగా తెలుసు. దాని కండలో కంటికి కనిపించని సూదుల్లాంటి స్ఫటికాలు ఉంటాయి, అవి చర్మాన్ని, గొంతును గుచ్చుతాయి. అందుకే అరచేతులకు నూనె రాసుకుని చెక్కు తీస్తారు, అందుకే బాగా ఉడికించి చింతపండు పులుసు పోస్తారు. ఆ మొరటు దుంప మెత్తబడి, బచ్చలి జిగురులో కలిసిపోయి, చల్లారాక ఆవ ముద్ద పడి కందా బచ్చలి అవుతుంది. పెళ్ళి పంక్తిలో అది, తద్దినపు విస్తట్లో అది. సంతోషానికీ దుఃఖానికీ ఒకే కూర వడ్డించే ధైర్యం గోదారి జిల్లాలదే.

ఇక పనసకాయా, నీ దగ్గర ఆగకుండా ఎలా వెళ్ళను? మాఘ ఫాల్గుణాల్లో మొదలై ఎండలు ముదిరేదాకా నీ రాజ్యం. మానుకే నేరుగా అతుక్కుని కాస్తావు. గింజ గట్టిపడకముందే నిన్ను దించాలి. నీ పాలు అంటితే ఓ పట్టాన వదలవు కనుక కత్తికీ చేతికీ నూనె రాసుకోవాలి. ముళ్ళ తొక్క చెక్కేసి, కాయను నిలువునా పట్టుకుని కత్తితో టకటకా కొట్టి, పొరగా చెక్కి, మళ్ళీ కొట్టి పొట్టు చేస్తారు. అది చేత్తో వచ్చే విద్య. మిక్సీలో వేస్తే ముద్దవుతుంది తప్ప పొట్టు కాదు. రాజమండ్రి బజార్లో ఆ పొట్టు కొట్టి అమ్మేవాళ్ళ ముందు నిలబడి చూస్తే కత్తి ఆడుతున్న తాళం వినబడుతుంది.

పొట్టును పసుపు, ఉప్పు వేసి ఉడికించి, నీరు పిండేస్తారు. శనగపప్పు, మినప్పప్పు, ఎండుమిరప, ఇంగువ, అల్లం, కరివేపాకు నూనెలో ఒకటొకటిగా వేగుతాయి. చిక్కటి చింతపండు పులుసు పడుతుంది, దాని వెనక పొట్టు. అన్నీ అయ్యాక వంట ఆగాలి. గిన్నె దింపి చల్లారనివ్వాలి. ఇక్కడే తొందరపడేవాళ్ళు చెడిపోతారు. ఎండు ఆవగింజలో ఘాటు ఉండదు. తడి తగిలి నలిగినప్పుడే అది పుడుతుంది, వేడి తగిలితే చచ్చి చేదు మిగులుతుంది. అందుకని ఆవాలు, ఎండుమిరప, ఉప్పు కాసిని నీళ్ళతో నూరి, కూర చేతికి వెచ్చగా కూడా లేదని చూసుకుని అప్పుడు కలపాలి. పైన వేయించిన గుమ్మడి వడియాలు నలిపి చల్లాలి. మొదటి ముద్దకు ముక్కులోకి ఎక్కుతుంది, కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి, చెయ్యి మాత్రం రెండో ముద్దకు వెళ్తుంది. మర్నాటికి ఊరి ఇంకా బాగుంటుంది. గోదారి వంటల్లో దీన్ని మించింది లేదు. ఈ మాట పులస తినేవాళ్ళ ఎదుటా చెబుతాను.

పులస అన్నాను కనుక ఒక మాట. పెరటి కూర శాకాహారుల సొత్తు కాదు. చింతచిగురులో మెత్తళ్ళు, వంకాయలో ఎండు రొయ్యలు, ఆనపకాయలో పచ్చి రొయ్యలు, గోంగూరలో ఏది దొరికితే అది. చిగురు చెట్టు మీద ఉన్న నాలుగు వారాలూ ఒక ఇంట్లో పప్పులో, పక్కింట్లో చేపలో ఉడుకుతుంది. కోసుకొచ్చిన చెట్టు ఒకటే.

అరటీ, నువ్వు చేసినంత దానం ఇంకెవరు చేస్తారు? ఒక్కసారే గెల వేస్తావు, గెల దించాక నిన్ను నరకాల్సిందే. పక్క ఊరు రావులపాలెంలో నీ గెలలు లారీలెక్కుతాయి. అక్కడ నీకు ధర కడతారు. ఇంటి దగ్గర నీలో ఏదీ వదలరు. బొంత అరటికాయ ఆవకూరకు, లేదా పొడికూరకు. పువ్వు అయితే ఓపిక ఉన్నవాళ్ళకే. ఒక్కొక్క చిన్న పువ్వులోంచి గట్టి కాడను, పలచటి పొరను ఏరి పారేయాలి, ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుంటే గాని తెమలదు. నరికిన చెట్టు డొప్పలు ఒలిచేస్తే లోపల తెల్లటి దూట. చక్రాలుగా కోస్తూ వేలికి నారను చుట్టి తీసేస్తూ, నల్లబడకుండా మజ్జిగ నీళ్ళలో వేస్తారు. పెరుగు పచ్చడి చేస్తే దూట పంటి కింద చల్లగా విరుగుతుంది. తినే ఆకూ నీదే. నువ్వు పోయేలోగా పక్కన పిలక లేచి ఉంటుంది.

కార్తికంలో నేతి బీరకాయ పచ్చడి, ఉసిరి చెట్టు కింద భోజనాలు. సంక్రాంతికి తియ్య గుమ్మడి, చిలగడదుంప, ములక్కాడ, వంకాయ అన్నీ ఒకే గిన్నెలో పడి దప్పళం. రథసప్తమి నాడు చిక్కుడుకాయలకు ఈనెపుల్లలు గుచ్చి సూర్యుడికి రథం కట్టి, పిడకల మీద వండిన పరమాన్నం చిక్కుడాకులో పెడతారు. పందిరి మీద కూరకు కాసిన కాయే ఆ పూట దేవుడి బండి. తర్వాత మామిడి వస్తుంది, మామిడి వచ్చాక మిగతా కూరలన్నీ కొన్నాళ్ళు మాట్లాడవు.

మాకు దిగువన లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు ఉండేవారు. 1841లో పుట్టి 1909లో పోయారు. ఏ వేళ ఎవరు వచ్చి ఆకలన్నా అన్నం పెట్టిన తల్లి, డెల్టా అన్నపూర్ణ. బడి పిల్లల మధ్యాహ్న భోజనానికి ఈ రోజు ఆవిడ పేరు ఉంది. అర్ధరాత్రి వచ్చినవాడికి కూడా విస్తరి వేయగలగడం వెనక పెద్ద మనసు ఉంటుంది, నిజమే. ఆ మనసుకు పొలంలో గింజ, పాడిలో పెరుగు, కొట్టులో ఆవకాయ, పెరట్లో చేతికందే కాయ తోడుండాలి. బజారు మూసేశాక కూడా తెరిచి ఉండేది పెరడు ఒక్కటే. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్నారు గాని, అతిథి వచ్చిన వేళ దాన్ని మించిన మందు లేదు.

ఇప్పుడు పెరళ్ళు తగ్గాయి. అన్నదమ్ముల పంపకాల్లో సగం, గచ్చు కింద సగం పోయింది. ఏడాది పొడుగునా ఒకే క్యాబేజీ, ఒకే బంగాళాదుంప సంచుల్లో దిగుతున్నాయి. రుతువు మారిన సంగతి పళ్ళేనికి తెలియడం లేదు. ఇది నన్ను బాధపెడుతుంది. డిసెంబరులో మామిడికాయ పప్పు, మే నెలలో చిక్కుడుకాయ అడిగే నాలుక ఎదురుచూడటం మరిచిపోయింది. ఏడాదిలో ఎక్కువ నెలలు లేకుండా ఉన్నందువల్లే పనసపొట్టుకు ఆ రుచి.

గచ్చు మీద కూడా పాదు పెరుగుతుంది. కడియం నర్సరీల నుంచి పూలకుండీలు తెచ్చుకునే చేతులకు ఇది కష్టం కాదు. ఈ తొలకరికి పగిలిన నీళ్ళ టబ్బు ఒకటి తీయండి. మట్టి, పెంట సమానంగా నింపి ఆనప గింజలు రెండు గుచ్చండి, డాబా పిట్టగోడ మీదికి తాడు కట్టి వదలండి. బియ్యం కడిగిన నీళ్ళు పోయండి. సాయంత్రాలు పువ్వు చూడండి. కాయలన్నిట్లోకీ బాగున్నదాన్ని కొయ్యకుండా ఉంచి, ఇంట్లో ఎవరూ పొరపాటున కొయ్యకుండా దానికి ఎర్ర దారం కట్టండి. అది ఎండి గలగలమన్నాక గింజలు తీసి బూడిదలో కలిపి దాచండి. సగం మీకు, సగం పక్కింటివాళ్ళకు.