తిండికీ నడకకూ ఒక పద్దు

దినచర్యలో అన్నిటికన్నా తరచుగా జరిగేదీ, అన్నిటికన్నా త్వరగా మరపున పడేదీ తిండే. నెల ఖర్చును రూపాయి తేడా రాకుండా ఒప్పజెప్పగల గృహస్థు కూడా, నిన్న సాయంత్రం టీతో ఎన్ని బిస్కెట్లు తిన్నదీ, మారు వడ్డించుకున్నప్పుడు ఎంత అన్నం పెట్టించుకున్నదీ చెప్పవలసి వస్తే తడుముకుంటాడు. ఈ మరపుకు పోషకాహార శాస్త్రం చూపిన విరుగుడు ఆహార పద్దు. అంటే తిన్న ప్రతి పదార్థాన్నీ, చేసిన ప్రతి వ్యాయామాన్నీ ఏ రోజుకారోజు రాసి ఉంచే పుస్తకం. ఫుడ్ డైరీ అన్న పేరుతో డాక్టర్లూ డైటీషియన్లూ దీన్ని సూచిస్తున్నారు కాబట్టి చాలామంది దీన్ని బరువు తగ్గే ఉపాయంగానే ఎరుగుదురు. నిజానికి దాని ప్రయోజనం అంతకన్నా విశాలమైనది. తన తిండి గురించి మనిషికి ఉన్న అభిప్రాయాన్ని పక్కకు తప్పించి, ఆ స్థానంలో సాక్ష్యాన్ని నిలిపేది పద్దు. ఆ సాక్ష్యాన్ని మేలుకోరే మిత్రులు రోజూ చదవడం వల్లనే అది నాలుగు రోజుల ముచ్చటగా ముగిసిపోకుండా అలవాటుగా నిలదొక్కుకుంటుంది.

రాయడం వల్ల ఫలితం ఉంటుందనడానికి ఆధారాలున్నాయి. అమెరికాలో దాదాపు 1,700 మందిని పరిశీలించి 2008లో ప్రకటించిన ఒక అధ్యయనంలో, రోజూ తిండి పద్దు రాసినవారు అసలు రాయనివారికన్నా రెట్టింపు బరువు తగ్గినట్టు వెల్లడైంది. రోజూ రాసే ఓపిక ఉన్నవారికి ఇతర విషయాల్లోనూ పట్టుదల ఉండవచ్చు కాబట్టి, ఆ ఘనతనంతా పద్దుకే కట్టబెట్టడం సరికాదు. అయినా రాయడానికీ తగ్గడానికీ మధ్య ఈ సంబంధం వేర్వేరు పరిశోధకులకు మళ్ళీ మళ్ళీ కనిపించింది.

అయితే రాసినంత మాత్రాన పద్దు సాక్ష్యం కాజాలదు. ఎంత తక్కువ తిన్నా బరువు తగ్గడం లేదని గట్టిగా నమ్మిన కొందరు స్థూలకాయులను న్యూయార్క్‌లో స్టీవెన్ లిచ్‌ట్‌మన్ బృందం పరీక్షించి, వారు చెప్పిన లెక్కలను వారి శరీరం వాస్తవంగా ఖర్చు చేసిన శక్తితో పోల్చి, ఫలితాలను 1992లో ప్రచురించింది. హైడ్రోజన్, ఆక్సిజన్ మూలకాల అరుదైన ఐసోటోపులు, అంటే బరువులో మాత్రమే తేడా ఉండే పరమాణువులు, కలిసిన నీటిని తాగించి, అవి శరీరం నుంచి వెలుపలికి పోయే వేగాన్ని బట్టి శక్తి వ్యయాన్ని లెక్కగట్టే పద్ధతిని ఇందుకు వాడారు. వారు తాము తిన్నదాన్ని సగటున 47 శాతం తక్కువగానూ, చేసిన శారీరక శ్రమను 51 శాతం ఎక్కువగానూ చెప్పినట్టు తేలింది. వీరందరూ కావాలని దాచారని అనుకోవడం అన్యాయం. కొలత లేకుండా, తిన్న చాలాసేపటికి, గుర్తున్నంత మేరకు చెప్పే లెక్క ఎవరిదైనా ఇలాగే జారిపోతుంది. కాబట్టి తిన్న వెంటనే రాయడం, కొలిచి రాయడం, ఏదీ వదలకుండా రాయడం అన్న మూడు నియమాల మీదనే పద్దు విశ్వసనీయత ఆధారపడి ఉంటుంది.

మంచి పద్దులో ఒక రోజు ఇలా కనిపిస్తుంది. ఉదయం ఏడున్నరకు పెసరట్లు రెండు, అల్లం చట్నీ, కాల్చడానికి రెండు చెంచాల నూనె; పదకొండుకు టీ, రెండు చెంచాల పంచదార; ఒంటిగంటకు దంపుడు బియ్యపు అన్నం ఒక కప్పు, తోటకూర పప్పు రెండు గరిటెలు, దొండకాయ వేపుడు అర కప్పు, పెరుగు ఒక కప్పు; నాలుగింటికి మళ్ళీ టీ, గుప్పెడు వేయించిన సెనగలు; రాత్రి ఎనిమిదికి జొన్నరొట్టెలు రెండు, వంకాయ కూర; నడక 40 నిమిషాలు, నిద్ర ఆరున్నర గంటలు. ఇందులో మెచ్చుకోలూ లేదు, పశ్చాత్తాపమూ లేదు. ఇటువంటి ఏడు పేజీలు వరుసగా చదివితే, ఏ ఒక్క రోజునా కంటికి ఆనని విషయాలు బయటపడతాయి. ఉదాహరణకు ఇంకొకరి పద్దులో రోజుకు నాలుగు టీలు, ఒక్కో టీలో రెండు చెంచాల పంచదార అన్న లెక్క తేలినప్పుడు, చెంచాకు ఐదు గ్రాముల చొప్పున అది 40 గ్రాములవుతుంది; రోజంతటికీ సుమారు 25 గ్రాములకు మించకపోవడం మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించిన సంగతి తెలిసినవారికి ఇక వేరే ఉపదేశం అక్కరలేదు. అన్నం విషయంలో మరొక జాగ్రత్త అవసరం. బియ్యం ఉడికేటప్పుడు నీరు పీల్చుకుని రెండున్నర నుంచి మూడు రెట్ల బరువు తూగుతుంది కాబట్టి, రాసిన తూకం బియ్యానిదో అన్నానిదో స్పష్టంగా పేర్కొనాలి; లేకపోతే లెక్క మొత్తం తలకిందులవుతుంది.

పద్దులో ఎంత తిన్నదీ రాయడంతో పాటు, తిన్నది ఏ రూపంలో ఉందో రాయడం కూడా ముఖ్యమే. హోల్ ఫుడ్ అని వ్యవహరించే ఆహారం, పండినప్పటి సహజ రూపానికి దగ్గరగా ఉండి, పీచునూ సూక్ష్మ పోషకాలనూ పోగొట్టుకోకుండా పళ్లెంలోకి వచ్చే ఆహారం; దంపుడు బియ్యం, జొన్నలు, కొర్రలు, పొట్టు పెసలు, ఆకుకూరలు, పండ్లు, పల్లీలు, గుడ్లు, చేపలు ఇందులోకి వస్తాయి. గింజకు పై పొర, మొలక భాగం, లోపలి పిండి భాగం అని మూడు అంగాలున్నాయి. మరలో పాలిష్ పట్టినప్పుడు మొదటి రెండూ తవుడుగా పోయి పిండి భాగం ఒక్కటే మిగులుతుంది. తవుడుతో పాటు పోయే థయమిన్ అనే విటమిన్ లోపించడం వల్ల నరాలనూ గుండెనూ పీడించే బెరిబెరి వ్యాధి వస్తుంది. ఆ వ్యాధిని శోధించడానికి 1918లో రాబర్ట్ మెకారిసన్ కూనూరులో ప్రారంభించిన చిన్న విభాగమే క్రమంగా పెరిగి, 1958లో హైదరాబాద్‌కు తరలి, నేటి జాతీయ పోషకాహార సంస్థగా రూపుదిద్దుకుంది. దేశ పోషకాహార పరిశోధనకు కేంద్రమైన సంస్థ పుట్టుకకే పాలిష్ బియ్యం కారణమన్న చరిత్రను, మూడు పూటలా తెల్లన్నం తినే తెలుగువారు గుర్తుపెట్టుకోవడం అవసరం. ఆ సంస్థ 2024లో వెలువరించిన ఆహార మార్గదర్శకాలు రోజుకు 2,000 కేలరీల ఆహారంలో 400 గ్రాముల కూరగాయలూ, 100 గ్రాముల పండ్లూ ఉండాలని చెబుతున్నాయి. అన్నం గుట్టగా, కూర నంజుకోవడానికి మాత్రమే అన్నట్టుగా సాగే భోజనానికీ ఈ కొలతకూ ఎంత ఎడం ఉందో వారం రోజుల పద్దు చూపిస్తుంది.

ఆహార రూపానికి ఉన్న ప్రాధాన్యాన్ని 2019లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలకు చెందిన కెవిన్ హాల్ బృందం ప్రయోగపూర్వకంగా నిరూపించింది. ఇరవై మందిని పరిశోధనాలయంలోనే ఉంచి, రెండు వారాలు అతిగా శుద్ధిచేసిన ఫ్యాక్టరీ ఆహారాన్నీ, రెండు వారాలు సహజ రూపం చెడని ఆహారాన్నీ ఎంత కావాలంటే అంత తినమని పెట్టారు. వడ్డించిన భోజనాల్లో కేలరీలూ, చక్కెరా, కొవ్వూ, పీచూ సమానంగా ఉండేట్టు చూసినప్పటికీ, ఫ్యాక్టరీ ఆహారం తిన్న రోజుల్లో వారు రోజుకు సుమారు 500 కేలరీలు అదనంగా తిని దాదాపు కిలో బరువు పెరిగారు. రెండో తరహా ఆహారం మీద అంతే బరువు తగ్గారు. అందువల్ల పద్దులో ప్రతి పదార్థం పక్కన అది వంటింట్లో తయారైందా, ప్యాకెట్‌లో వచ్చిందా అన్నది ఒక్క మాటలో రాసుకుంటే, కేలరీల పట్టికలు తిరగేయకుండానే సగం పరిశీలన పూర్తవుతుంది.

వ్యాయామానికి కూడా ఇదే క్రమశిక్షణ వర్తిస్తుంది. పెద్దవారికి వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ, కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. మధ్యస్థ శ్రమ అంటే, నడుస్తూ మాట్లాడగలిగినా పాట పాడలేనంత వేగం. పార్కులో ఆగి కబుర్లు చెప్పుకున్న సమయాన్ని నడక ఖాతాలో జమ వేయకుండా, వేగంగా నడిచిన నిమిషాలనే రాసినప్పుడు గంట నడక ఒక్కోసారి పాతిక నిమిషాలకు కుదించుకుపోతుంది. ఆ పాతికే నిజమైన లెక్క.

పద్దు బయటపెట్టేది అతిగా తినడాన్ని మాత్రమే కాదు, తినకపోవడాన్ని కూడా. ఇంట్లో అందరికీ వడ్డించి, చివర మిగిలినదానితో సరిపెట్టుకునే గృహిణి తన రోజును నిజాయితీగా రాస్తే, ఉదయం పదిన్నర వరకు టీ తప్ప మరేమీ లేదనీ, మధ్యాహ్నం పప్పు గిన్నె ఖాళీ అయ్యాక పచ్చడీ మజ్జిగతో ముగించిందనీ, శనివారం ఉపవాసం పేరిట రాత్రి నూనెలో వేగిన టిఫిన్‌తో కడుపు నింపుకుందనీ కనిపిస్తుంది. ఆమెకు కావలసింది తగ్గించే సలహా కానేకాదు. పప్పు, గుడ్డు, పెరుగు, ఆకుకూర ముందుగా ఆమె పళ్లెంలోకి చేరడం. ఇంటివారు ఆ పేజీ చదివితే వడ్డన వరసలోనే మార్పు రావచ్చు. పద్దుకు ఇంతకన్నా గొప్ప ప్రయోజనం మరొకటి లేదు.

ఒంటరిగా రాసే పద్దు చాలాసార్లు రెండో వారంలోనే ఆగిపోతుంది. అక్కడే మిత్రుల అవసరం ఏర్పడుతుంది. న్యూయార్క్ గృహిణి జీన్ నైడెచ్, ప్రభుత్వ క్లినిక్ ఇచ్చిన ఆహార నియమాలను పాటిస్తూనే బిస్కెట్ల వ్యామోహాన్ని ఎవరికీ చెప్పుకోలేక, 1961లో కొందరు స్నేహితురాళ్లను ఇంటికి పిలిచి మనసు విప్పి మాట్లాడింది. వారానికోసారి సాగిన ఆ కూడికలే 1963లో వెయిట్ వాచర్స్ సంస్థకు పునాది వేశాయి. క్లినిక్ కాగితం చేయలేనిది సాటివారి ఓదార్పు చేసింది. 1999లో రీనా వింగ్, రాబర్ట్ జెఫ్రీ ప్రచురించిన అధ్యయనం ఈ సంగతిని అంకెలతో బలపరిచింది. ఒంటరిగా చేరి సాధారణ చికిత్స పొందినవారిలో 76 శాతం మంది నాలుగు నెలల బరువు తగ్గింపు కార్యక్రమాన్ని పూర్తిచేయగా, ముగ్గురు ఆప్తులతో కలిసి చేరి పరస్పర సహకారంలో శిక్షణ కూడా పొందినవారిలో 95 శాతం మంది పూర్తిచేశారు. తగ్గిన బరువును మరో ఆరు నెలలపాటు పూర్తిగా నిలుపుకున్నవారు మొదటి వర్గంలో 24 శాతం కాగా రెండో వర్గంలో 66 శాతం.

మిత్రుడి పాత్ర న్యాయమూర్తిది కాదు, తోటి ప్రయాణికుడిది. పద్దులు పంచుకునే వాట్సాప్ గ్రూపులో రాత్రి తొమ్మిదింటికి ఒకరి పద్దు రాకపోతే, “పద్దు పంపలేదేం, ఒంట్లో బాగానే ఉందా?” అని అడిగే మాటకూ, పంపినప్పుడు “మళ్ళీ బిర్యానీయేనా?” అనే మాటకూ ఉన్న తేడాలోనే గ్రూపు మనుగడ ఉంది. రెండో మాట విన్న మనిషి బిర్యానీ మానడు, రాయడం మానేస్తాడు. అప్పటినుంచి పద్దు గ్రూపును మెప్పించే కట్టుకథగా మారుతుంది. నలుగురైదుగురికి మించని గ్రూపులో అందరూ రాయడం, ఒకరి పద్దుకు మరొకరు ఆ రోజే బదులివ్వడం, అడిగితేనే సలహా చెప్పడం, బరువు అంకెలను చెప్పమని ఎవరినీ బలవంతపెట్టకపోవడం, అక్కడి సంగతి బయటికి పొక్కనివ్వకపోవడం అనే నియమాలు పాటించాలి. ఎండలో పనిచేసే మేస్త్రీ పళ్లేన్నీ కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగి పళ్లేన్నీ పోల్చి చూడడం శాస్త్రమూ కాదు, స్నేహమూ కాదు. ఎవరి పేజీని వారి పాత పేజీతోనే పోల్చాలి.

ఒక రోజు తప్పినంత మాత్రాన శ్రమంతా వృథా అయిందని కుంగిపోనక్కరలేదు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో 96 మందిని గమనించిన ఫిలిప్పా లాలీ బృందం, కొత్త పని అలవాటుగా స్థిరపడడానికి మనిషిని బట్టి 18 నుంచి 254 రోజులు పడుతుందని 2010లో అంచనా వేస్తూ, మధ్యలో ఒక అవకాశం జారిపోయినా ఆ ప్రక్రియకు చెప్పుకోదగ్గ నష్టం లేదని స్పష్టం చేసింది. పెళ్లి భోజనం, పండగ పిండివంటలు పద్దులో చేరడం తప్పు కాదు. వాటిని రాయకుండా వదలడమే తప్పు. ఇన్సులిన్ గానీ షుగర్ మాత్రలు గానీ వాడేవారు అన్నం ఒక్కసారిగా తగ్గిస్తే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోయే అవకాశం ఉంది కాబట్టి, వారూ, గర్భిణులూ, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారూ డాక్టరును సంప్రదించాకే మార్పులు చేయాలి. తిండి గురించిన ఆందోళనతో ఇప్పటికే సతమతమవుతున్నవారికి అంకెల పద్దు మేలుకన్నా కీడు చేయవచ్చు కాబట్టి, వారు దాన్ని వైద్యుల పర్యవేక్షణలోనే రాయాలి.

దేశంలో 10 కోట్లకు పైగా ప్రజలకు మధుమేహం ఉందని భారత వైద్య పరిశోధన మండలి అండతో జరిగిన అధ్యయనం 2023లో వెల్లడించింది. ఈ పరిస్థితిలో ప్రతి ఇంటికీ అందుబాటులో ఉన్న, దాదాపు ఖర్చులేని సాధనం ఒక నోటుపుస్తకమూ ముగ్గురు నమ్మకమైన మిత్రులూ. కాబట్టి పాఠకులు మొదటి వారం తిండిలో ఏ మార్పూ చేయకుండా, ఉన్నది ఉన్నట్టుగా రాసి, ఆదివారం నాడు మిత్రులతో కలిసి ఆ ఏడు పేజీలూ చదవాలి. మార్చవలసిన ఒకే ఒక్క విషయాన్ని అందులోంచి ఎంచుకుని, రెండో వారం పద్దు అక్కడినుంచి మొదలుపెట్టాలి.