పైకప్పు లేని క్షేత్రం: సచిత్ర గ్రంథాల పరిమితి

ప్రపంచ పవిత్ర స్థలాలను పరిచయం చేసే సచిత్ర గ్రంథాలు సాధారణంగా కట్టడాన్నీ, అరుదైన క్షణాన్నీ ఆశ్రయిస్తాయి. స్టోన్‌హెంజ్ శిలల నడుమ వేసవి అయనాంత సూర్యోదయం ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. శ్రీకాకుళం జిల్లాలో ఈ పద్ధతికి అరసవల్లి ఒదుగుతుంది. ఏటా మార్చి, అక్టోబరు నెలల్లో సూర్యకిరణాలు మూలవిరాట్టును తాకే నిమిషాలను ఛాయాచిత్రం పట్టుకోగలదు.

భావనపాడు తీరానికి లోపలివైపు, టెక్కలి సమీపంలోని రావివలస ఇందుకు భిన్నం. అక్కడ ఎండల మల్లికార్జునుని లింగానికి పైకప్పు లేదు. కప్పు వద్దన్నది స్వామియేనని భక్తుల విశ్వాసం. ఆ మహిమకు ఆధారం ఒక్క క్షణం కాదు, నిత్యమైన ఎండ. వట్టి చిత్రంలో అది అసంపూర్తి ఆలయంగా తోచవచ్చు. లోపంగా కనిపించేదాన్ని నియమంగా గ్రహింపజేసేది ‘ఎండల’ అనే విశేషణం, అంటే, మాట.

ఏనుగుల వీరాస్వామయ్య 1830–31లో చేసిన యాత్రను వర్ణించి, 1838లో అచ్చయిన ‘కాశీయాత్ర చరిత్ర’ దారినీ, మజిలీలనూ దినచర్యగా నమోదు చేసింది. స్థలం పాఠకునికి అనుభవం కావడానికి అటువంటి వివరాలే ఆధారం. కనుక సచిత్ర గ్రంథాలను అన్వేషించే పరిశోధకుడు ముద్రణ నాణ్యతతోపాటు, చిత్రం చెప్పలేనిదాన్ని వ్యాఖ్య చెబుతున్నదా అని పరిశీలించాలి. రావివలసకు చోటివ్వలేని గ్రంథం పవిత్రతను కాక వాస్తుశిల్పాన్నే సంకలనం చేసినట్లవుతుంది.