సిమెంటులో కొలువైన క్షేత్రాలు

మేళ్లచెరువులో సిమెంటు అనగానే సున్నపురాయి గనులు, లారీల వరస, ఆకుల మీద దుమ్ము గుర్తొస్తాయి. పనితనం ఉన్న చేతిలో పడితే అదే సిమెంటు కనురెప్పవుతుంది, గోపురం మీద యాళి కోరవుతుంది. అనుమానముంటే యాదగిరిగుట్ట పక్కనున్న సురేంద్రపురి చూసి రండి.

కుందా సత్యనారాయణ గారు కొడుకు సురేంద్ర పేరు మీద కట్టించిన చోటది. పంచముఖ హనుమదీశ్వరాలయం, దాంతోపాటు కళాధామం. దేశంలోని క్షేత్రాలన్నీ తిరగలేని సామాన్యుడికి వాటి రూపాలు ఒక్కచోట చూపించాలన్నది ఆయన తపన అని చెబుతారు. హాలండ్‌లోని హేగ్ నగరంలో 1952లో తెరిచిన మదురోడం కూడా ఇలాంటిదే. నాజీల చెరలో చనిపోయిన కొడుకు జార్జ్ మదురో గుర్తుగా తల్లిదండ్రులు ఇచ్చిన డబ్బుతో మొదలైంది. అక్కడి భవనాలు అసలులో 25వ వంతు, వంగి చూడాలి. మన దగ్గర తలెత్తి చూడాలి. నా ఓటు మన కుందా వారికే, పక్షపాతమంటే అననివ్వండి!

సురేంద్రపురిలోని 60 అడుగుల విగ్రహమే చూడండి. ఒక వైపు పంచముఖ హనుమంతుడు, వెనక్కి వెళ్తే పంచముఖ శివుడు. రెండు రూపాలకూ ఒకటే ఒళ్లు. ఇటు భుజం అటు భుజంతో కలవాలి, ఒక్క రూపమూ రెండోదానికి వీపులా కనిపించకూడదు. కింద నిలబడ్డవాడికి పైనున్న తల చిన్నదిగా కనిపిస్తుంది గనక, ఇంత ఎత్తు పనుల్లో చేయి తిరిగిన శిల్పి పై కొలత కాస్త పెంచి, చూపు కిందికి వాలుస్తాడు. తాళమానం, అంటే శిల్పుల కొలతల లెక్క, తెలియనివాడికి ఇది చేతకాదు.

ఈ పనిలో ముందు ఇనుప చువ్వలతో చట్రం కడతారు. దాని మీద కోళ్ల జాలీ చుట్టి బైండింగ్ వైరుతో బిగిస్తారు. ముతక మాలుతో ఒళ్లు నింపి, అది కాస్త గట్టిపడ్డాక సన్నగా జల్లించిన ఇసుక మాలుతో కండ, కనుముక్కు తీరు, నగలు దిద్దుతారు. మాలు బిగిసేలోపే పెదవి వంపు కుదరాలి. తర్వాత తడి గోనెపట్టాలు కప్పి రోజుల తరబడి నీళ్లు పట్టాలి. వెనకటికి గోపురాల బొమ్మలకు గానుగ సున్నం, కరక్కాయ నీళ్లు, బెల్లం వాడేవారట.

గుడి నమూనా ఇంకా కష్టం. అసలు గోపురాన్ని అదే లెక్కన కుదిస్తే చిన్న బొమ్మలన్నీ ఉలవగింజలై మాయమవుతాయి. ఏది వదలాలి, ఏది పెంచాలి, ఉత్తరాది శిఖరం ఒంపు ఎక్కడ మొదలవ్వాలి, దక్షిణాది విమానానికి ఎన్ని అంతస్తులుంచితే పోలిక నిలుస్తుంది? ఆ నిర్ణయంలోనే విద్వత్తంతా ఉంది.

రాతి పక్షం వాళ్లు "సిమెంటు బొమ్మలే కదా" అని మూతి విరుస్తారు. సురేంద్రపురికి దగ్గర్లోని రాయగిరి కొండరాతిలో హుస్సేన్‌సాగర్ బుద్ధుణ్ణి 58 అడుగుల ఏకశిలగా మలిచిన గణపతి స్థపతికి వెయ్యి దండాలు. 2022లో తెరుచుకున్న కృష్ణశిల యాదగిరిగుట్ట ఆలయానికీ దండమే. కానీ ఆ ఖర్చు ఒక కుటుంబం మోయగలదా? సురేంద్రపురిలో రంగులు కొన్నిచోట్ల కళ్లు పొడుస్తాయి, ఒప్పుకుంటాను. ఆ రంగుల కింద ఉన్న చేతిపనికి మాత్రం వంక పెట్టలేను.

నా కడుపుమంట ఫైబర్ అచ్చుల మీద. ఏ పార్కుకు వెళ్లినా అదే హనుమంతుడు, అదే చప్పిడి ముఖం, లోపలంతా డొల్ల. ఎగ్జిబిషన్లో థర్మోకోల్ కేదార్‌నాథ్ నిలబెట్టి టికెట్టు అమ్ముతున్నారు, నెల తిరక్కుండా అది చెత్తకుప్పలో! అచ్చు పోసినవాణ్ణి శిల్పి అని సన్మానిస్తున్నాం. కన్ను దిద్దగల అసలు పనివాడేమో సెంటరింగ్ పనికి పోతున్నాడు, కొడుక్కి తాపీ ఇవ్వనంటున్నాడు.

శివరాత్రికి ఆకాశాన్నంటే ప్రభలు కట్టే ఊరు మన మేళ్లచెరువు. శంభులింగేశ్వరుడి పేరు చెబితే చందాలకు కొదవుండదు. మన గనుల రాయితో సిమెంటు చేసేవాళ్లూ, జాతర పెద్దలూ ఒక్క మాట మీదికి రండి. రేచర్ల వారి ఇంటి కోడలి పేరు నిలిపిన పిల్లలమర్రి ఎరకేశ్వరాలయం 1208 నాటిది. దాని నమూనా చెరువుకట్ట దగ్గర కట్టిద్దాం. ఫైబర్ కాంట్రాక్టరును గుమ్మం ఎక్కనివ్వకండి. మిగిలిన పెద్ద మేస్త్రీలను పిలిచి, దినకూలీ కాకుండా గౌరవమైన జీతమిచ్చి, పక్కన పదిమంది మన కుర్రాళ్లను కూర్చోబెట్టండి. పీఠం మీద దాతల పేర్లకు ముందు పనివాళ్ల పేర్లు రాయించండి.