వాయిదా తెలిసిన పాడి

భీమునిపట్నం చుట్టుపక్కల పల్లెల్లో డ్వాక్రా అప్పుతో గేదెను కొన్న ఆడమనిషి పనితనం పితకడంతో ఆగదు. దూడను కాసేపు వదిలి, గేదె చేపాక పక్కన కట్టేసి, పొదుగు కడిగి, రెండు చేతులా జోరుగా పితికేస్తుంది. పాలకేంద్రంలో వెన్న శాతాన్ని బట్టి ధర. నీళ్లు కలిపితే ఆ శాతం రాసిన చీటీయే పట్టిస్తుంది.

అసలు చిక్కు వాయిదాది. చూడి పది నెలలు, మధ్యలో వట్టిపోయే రోజులు. పశువుకు సూక్ష్మరుణ సంస్థల వారంవారం వసూలు ఏం తెలుసు? ఆ ఒత్తిడి ముదిరి 2010లో రాష్ట్రం ఆ సంస్థలను కట్టడి చేసే ఆర్డినెన్సు తెచ్చింది. 2011లో మహిళా సంఘాలకు అప్పులిచ్చే స్త్రీనిధి వచ్చింది. తెలివైన పాడిమనిషి మాత్రం మొదటి గేదె వట్టిపోయే వేళకు ఈనేలా రెండో చూడిగేదెను బేరమాడుతుంది. తవుడు, తెలగపిండి ఖర్చు పోను మిగిలిందే వాయిదాకు, ఇంట్లోకి మజ్జిగే.